ఆగండిగారి రెండు సెకన్లు

మా ఆఫీసులో ఆయనకు ఆగండిగారు అని పేరు పెట్టింది నేనే. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఏమీ అనలేదు. ఎవరైనా కొత్త టూల్ అని నోరు తెరిస్తే చాలు, కుర్చీ ఇటు తిప్పకుండానే, "ఆగండి, ముందు పాతదానికి ఏం రోగమొచ్చిందో చెప్పండి" అనేవాడు. రోగం వివరించేలోపు టీ చల్లారిపోయేది, చెప్పేవాళ్ళ ఉత్సాహమూ చల్లారిపోయేది. ఏడేళ్ళు ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాను కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. ఆయనతో కలిసి పనిచేయడమంటే తల ప్రాణం తోకకు రావడమే.

రక్త పరీక్షలు చేసే ల్యాబులకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చే చిన్న కంపెనీ మాది. మూడో అంతస్తు, పద్నాలుగు కుర్చీలు, చలికాలంలో కూడా ఎవరి మాటా వినని ఒక ఏసీ. రోగుల పేర్లు కౌంటర్‌లో కొడితే, ఒక్కొక్కరి పేరు, నంబరు ఉన్న చిన్న లేబుళ్ళు వెనక గదిలో వరసగా ముద్రించే ప్రోగ్రాం ఒకటి మాకు అన్నం పెడుతోంది. ఆ లేబుళ్ళని రక్తం తీసిన ట్యూబులకు అంటిస్తారు. ఆ ప్రోగ్రాం రాసింది ఆగండిగారే. అప్పుడు ఆయనకు జుట్టుండేదట. ఇప్పుడు యాభైకి ఒక్క ఏడాది తక్కువ.

ఆయన అభిప్రాయాలు రాయాలంటే ఒక పుస్తకం చాలదు, రాసినా ఎవరూ కొనరు. కోడ్ రాయడానికి నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాల ఎడిటర్ తప్ప ఇంకోటి ముట్టడు. మౌస్ పట్టుకోవాల్సి వస్తే ఎంగిలి గ్లాసు పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుంటాడు. 'ఒక్కసారి రాయండి, అన్ని యంత్రాల మీదా నడపండి' అన్న ప్రకటన కనబడితే ఆయనకు ఒళ్ళు మండిపోయేది. అందరి కాళ్ళకూ సరిపోయే ఒకే చెప్పు ఎవడు కుట్టాడో చూపించమనేవాడు. ఇంత చెప్పే మనిషి ఇంట్లో భార్య ఫోను ఒక రకం, కూతురి ట్యాబ్లెట్ ఇంకో రకం, ఈయన పాత కంప్యూటర్ మరో రకం. ఒకదాన్లో తీసిన ఫోటో ఇంకోదాన్లోకి వెళ్ళదు. కూతురి పుట్టినరోజు ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ముందు గదికీ వెనక గదికీ మధ్య తిరుగుతుంటాడని ఆయన భార్య చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను.

కెరీర్ గురించి అడిగితే మరీ విచిత్రం. కెరీర్ అంటే నిచ్చెన అంటాడు మా మేనేజరు. ఆగండిగారి దృష్టిలో అది బస్సులో సీటు. కిటికీ పక్కన దొరికింది, గాలి వస్తోంది, ఎందుకు లేవాలి అనేవాడు. రెండుసార్లు మేనేజరు పోస్టు ఇస్తామంటే వద్దని దణ్ణం పెట్టాడు. రెండోసారి ఆ పోస్టు తీసుకున్న కుర్రాడికి పని నేర్పింది ఈయనే. ఆ కుర్రాడే ఇప్పటి మా మేనేజరు.

పోయిన ఏడాది ఆ మేనేజరు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, పాత ప్రోగ్రాం పక్కన పెట్టేసి కొత్తది రాస్తున్నామని చెప్పాడు. ల్యాబు కౌంటర్‌లో ఉండే విండోస్ కంప్యూటర్ మీదా, డాక్టరు గదిలో ఉండే మ్యాక్ మీదా, వెనక గదిలో లేబుల్ ప్రింటర్‌కి తగిలించి ఉండే చిన్న లైనక్స్ డబ్బా మీదా ఒకే ప్రోగ్రాం నడవాలి. రాయాల్సింది నేను. ఆగండిగారు నలభై రోజుల్లో తన పనంతా నాకు అప్పగించాలి. మా పెద్ద కస్టమర్ అయిన ల్యాబులో ట్రయల్ వేస్తాం. కొత్తది నెగ్గితే ఆ నెలాఖరే ఆగండిగారికి ఆఖరు. ఓడిపోతే పాత ప్రోగ్రాం ఇంకో ఏడాది ఉంటుంది, దాన్ని చూసుకోవడానికి ఆయనా ఉంటాడు. మేనేజరు ఈ మాటలు బల్ల వైపు చూస్తూ చెప్పాడు. ఆగండిగారు ఈసారి ఆగండి అనలేదు.

అప్పగింతలు మొదలయ్యాయి. ఆయన ఒక్కో ఫైలూ తెరిచి చూపిస్తూ పాత పాఠమే మళ్ళీ చెప్పేవాడు. కోడ్ ఏం చేస్తోందో కోడే చెబుతుంది, ఎందుకు చేస్తోందో మాత్రం పక్కన గమనికలో మనమే రాయాలి, ఎందుకు అన్నది రాయనివాడు తర్వాతివాడి కొంప ముంచుతాడు. ఏడేళ్ళుగా ఈ మాట నా చెవిలో జోరీగలా మోగుతూనే ఉంది. అలాంటిది లేబుళ్ళు ముద్రించే చోటికి వచ్చేసరికి, ప్రతి లేబుల్ తర్వాతా రెండు సెకన్లు ఊరికే ఆగమని ఒక లైను కనబడింది. దాని పక్కన గమనికలో ఒకే ఒక్క మాట: తీయవద్దు. రాసి పదకొండేళ్ళయింది.

దొరికాడు దొంగ అనుకున్నాను. ఎందుకు తీయకూడదు సార్ అని తీయగా అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. అప్పుడేదో తొందరలో రాశాననీ, గుర్తులేదనీ అన్నాడు. నాకు పండగలా అనిపించింది. లేబుల్‌కి రెండు సెకన్లు, పొద్దున పూట మూడు వందల లేబుళ్ళు, అంటే పది నిమిషాలు గాలికి పోతున్నాయన్నమాట. కొత్త ప్రోగ్రాంలో ఆ లైను పెట్టలేదు. పది నిమిషాలు మిగిల్చానని మేనేజరుకు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఆ మధ్యలో ఆయనకు రెండు రోజులు జ్వరం వస్తే ల్యాప్‌టాప్ పట్టుకుని నేనే ఇంటికి వెళ్ళాను. భార్య స్కూలు టీచరు. బల్ల మీద దిద్దాల్సిన పేపర్ల కట్టలు, వాటి పక్కన విప్పేసిన వాషింగ్ మెషిన్ మోటారు. ఇరవై ఏళ్ళ మెషిన్ అట, కొత్తది కొందామంటే దీనికేం రోగం అంటాడట. మంచం మీద దుప్పటి కప్పుకునే ఆయన నాకు మూడు ఫైళ్ళు చెప్పాడు. నేను బయల్దేరుతుంటే ఆవిడ గుమ్మం దాకా వచ్చి తలుపు దగ్గరగా లాగింది.

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పమ్మా. ఆయన్ని ఉంచుతారా?"

అక్కా, ట్రయల్ అయితే గానీ తెలియదు అన్నాను.

"ఇంకోచోట ఆయన్నెవరు తీసుకుంటారు చెప్పు. ఇంటర్వ్యూకెళ్తే వాళ్ళ టూలు బాలేదని వాళ్ళకే చెప్పొస్తాడు. అమ్మాయికింకా రెండేళ్ళ చదువుంది."

చెప్పులేసుకుని మెట్లు దిగాను. ఆ ట్రయల్ నెగ్గితే నాకు మంచి పేరు. ఆ పేరు ఆయన సీటు ఖాళీ చేసి తెచ్చుకోవాలి. ఆ రాత్రి నుంచి నాకు ఆయన మీద ఉన్న విసుగంతా నా మీదకు తిరిగింది.

ట్రయల్ రోజు పొద్దున పదింటికి ల్యాబులో మొదలు పెట్టాలి. మేనేజరు ముందే వెళ్ళిపోయాడు. తొమ్మిదీ యాభైకి నేను ఆఫీసులో ఆఖరిసారి చూసుకుందామని వంద లేబుళ్ళు ఒకేసారి ముద్రణకు పంపాను. మా ప్రింటర్ టకటకమంటూ ఊపిరి తీసుకోకుండా కొట్టుకుపోతోంది. పక్కన ఆగండిగారి కీబోర్డు చప్పుడు ఆగింది.

ఆయన కుర్చీ తిప్పి ప్రింటర్ వైపు చూస్తూ కూర్చున్నాడు. గోడ గడియారం ఆయన తలకు సరిగ్గా పైన ఉంటుంది, అందుకే నాకు తెలుసు. నాలుగు నిమిషాలు అలాగే కూర్చున్నాడు. లేబుళ్ళ చుట్ట అయిపోయి ప్రింటర్ దానంతటది ఆగిపోయింది.

"ఆ రెండు సెకన్లు తీసేశావు కదమ్మా."

"తీసేశాను సార్. గుర్తులేదన్నారుగా."

"ఫోన్ చెయ్. మొదలుపెట్టొద్దను."

చేశాను. మేనేజరు ఎత్తలేదు, ల్యాబు కౌంటర్ నంబరు బిజీ. ల్యాబు లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు, మేనేజరుది కూడా బయట లాకర్లో ఉండుంటుంది. ఆయన అప్పటికే లిఫ్టు కోసం చూడకుండా మెట్లు దిగుతున్నాడు. మోకాలి నొప్పని నెల రోజులుగా లిఫ్టు తప్ప ఎక్కని మనిషి. ల్యాబు రెండు వీధుల అవతల. నడుస్తూనే చెప్పాడు. వెనక గదిలో ఉన్నది చాలా పాత ప్రింటర్. ఒక లేబుల్ ముద్రించడం పూర్తికాకముందే ఇంకొకటి పంపితే, అప్పుడప్పుడు దాన్ని మింగేస్తుంది. తప్పు జరిగిందని కూడా చెప్పదు. అక్కడి నుంచి వరస ఒకటి జరిగిపోతుంది. పదకొండేళ్ళ కిందట కొత్త ప్రింటర్ కొనమంటే వాళ్ళు కొనలేదు. ఈయన రెండు సెకన్లు పెట్టేసి, తీయవద్దు అని రాసేసి, వేరే పనిలో పడిపోయాడు.

మేము మూడు రకాల యంత్రాల మీదా పరీక్ష చేశాం. ఒక్కోదాని మీద మూడేసి సార్లు చేశాం. కానీ ప్రింటర్ మాత్రం ప్రతిసారీ మా ఆఫీసులో ఉన్న కొత్తదే. మా దగ్గర పనిచేసింది కాబట్టి లోకమంతా పనిచేస్తుందనుకున్నాను. ఈ బుద్ధితక్కువతనానికి ఇంకెవరినీ తిట్టడానికి లేదు.

మేము వెళ్ళేసరికి పదీ అయిదు. టెక్నీషియన్ అప్పటికే పదకొండు ట్యూబులకు లేబుళ్ళు అంటించేసింది. ముప్పయ్యేళ్ళ అనుభవం ఉన్న మనిషి, చెయ్యి ఆగదు. ఆగండిగారు రోగుల జాబితా అడిగి తీసుకుని, మొదటి ట్యూబు నుంచి ఒక్కొక్క పేరూ వేలు పెట్టి చదివాడు. ఎనిమిది దాకా సరిగ్గానే ఉన్నాయి. తొమ్మిదో ట్యూబు మీద పదో మనిషి పేరుంది. ఆ తర్వాత అన్నీ అంతే. ఆవిడ చేతిలో ఉన్న లేబుల్ కింద పెట్టేసింది. పేర్లు చదవననీ, ఇన్నేళ్ళూ వరస తప్పలేదు కాబట్టి వరస చూసి అంటించేస్తాననీ చెప్పింది. ఆ వరస తప్పకుండా పదకొండేళ్ళు కాపలా కాసింది ఆ రెండు సెకన్లే.

మూడు ట్యూబులే కాబట్టి జాబితా చూసి సరిచేశారు. మేనేజరు ట్రయల్ ఆపేద్దామా అని నన్నడిగాడు. నేను ఆగండిగారి వైపు చూశాను. ఆపేద్దాం అంటే చాలు. ఆ ఒక్క మాటతో ఆయనకు ఇంకో ఏడాది దొరుకుతుంది. ఆయన ఆ వెనక గదిలో చిన్న డబ్బా ముందు స్టూలు లాక్కుని కూర్చుని, అరగంట టైమివ్వమన్నాడు. ఆ ప్రింటర్ ఉన్నచోట మాత్రమే రెండు సెకన్లు ఆగేలా నా కొత్త ప్రోగ్రాంలో రాశాడు. పక్కన నిలబడి చూస్తూ నేను ఉండబట్టలేక అడిగాను, ఆ రోజు నిజంగానే మర్చిపోయారా అని.

ఆయన తెర మీద నుంచి కళ్ళు తీయలేదు. "మర్చిపోయాననే చెప్పాను. గుర్తు తెచ్చుకుందామని మాత్రం ప్రయత్నించలేదు. రెండూ ఒకటి కాదమ్మా."

ట్రయల్ ఒంటిగంటకు ముగిసింది. మూడు వందల లేబుళ్ళలో ఒక్కటీ తప్పలేదు. మర్నాడు ఆఫీసులో అందరూ నాకు చప్పట్లు కొట్టారు, ఆయనా కొట్టాడు. నేను మేనేజరు గదిలోకి వెళ్ళి జరిగిందంతా చెప్పి, నెగ్గింది నేను కాదన్నాను. మేనేజరు పెన్నుకు మూత పెట్టి నాకు కుర్చీ చూపించాడు. అదంతా తనకూ తెలుసనీ, తనకు పని నేర్పింది ఆయనేననీ, కానీ నిర్ణయం పైనుంచి వచ్చిందనీ అన్నాడు. అతని మీద అరవాలని వెళ్ళాను. అతని మొహం చూశాక అరవబుద్ధి కాలేదు.

నెలాఖరున ఆగండిగారు కీబోర్డు సంచిలో పెట్టుకున్నాడు, మౌస్ వదిలేశాడు. టీ గ్లాసు కోడ్ రాసేచోట పెట్టుకోవద్దని నాకు చెప్పి వెళ్ళాడు. వెళ్ళాక ఆ ఫైలు తెరిచి చూశాను. ఈసారి గమనిక పొడుగ్గా ఉంది. పాత ప్రింటర్ సంగతి, మింగేసే సంగతి, ఒకరి రక్తం మీద ఇంకొకరి పేరు పడే సంగతి, అన్నీ రాశాడు. చివర రెండు వాక్యాలు: ఆ ప్రింటర్ మార్చిన రోజున ఈ ఆగడంతో పని లేదు. మొహమాటపడకుండా తీసేయండి.

ఆయనకు ఇంకా ఎక్కడా ఉద్యోగం రాలేదు. మూడు ఇంటర్వ్యూలకు వెళ్ళాడట, మూడుచోట్లా భార్య చెప్పినట్టే అయిందట. ఆవిడ ఫోన్‌లో చెప్పింది. ఈసారి ఇద్దరం నవ్వలేదు.

పోయిన నెల ఆ ల్యాబువాళ్ళు వెనక గదిలో కొత్త ప్రింటర్ పెట్టారు. నేను రెండు వారాలు ఆ లైను జోలికి వెళ్ళలేదు. అలా ఉంచేస్తే ఆయనే నన్ను తిట్టేవాడు, ఇంకా దేనికి ఉంచావమ్మా అని. నిన్న తీసేసి, ల్యాబుకు వెళ్ళి అక్కడే నిలబడి పొద్దుటి లేబుళ్ళన్నీ పేరు పేరునా జాబితాతో సరిచూశాను. వరస ఎక్కడా తప్పలేదు. పది నిమిషాలు ముందే పని అయిపోయింది. టెక్నీషియన్‌కి తేడా కూడా తెలియలేదు. నేను చేతులు కడుక్కునే గదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఏడ్చాను.