చెట్టు నాటని పెరడు

కాదు, ఆ మాట తప్పు. ఎంతమంది ఒప్పుకున్నా తప్పే. "సరిహద్దు దాటి వచ్చిన బెంగాలీలకి అన్నీ ఉచితంగా దొరికాయి, మన తెలుగోళ్ళే చెమటోడ్చి బతికారు" అని మా పాత ట్రాఫిక్ కాలనీ వాళ్ళ ఫోన్ గ్రూపులో ఒకాయన రాశాడు. కింద వరసగా అందరూ చప్పట్ల బొమ్మలు. నిన్న పొద్దున్నుంచి నేను ఫోను కింద పెట్టలేదు. టైపు చేస్తున్నాను, చెరిపేస్తున్నాను. రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకని మొత్తం ఇక్కడ రాస్తున్నాను. చదివాక తిట్టండి.

మాది ఖరగ్‌పూర్. తాత సోంపేట దగ్గర పల్లె నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా చేరాడు. నాన్న అదే వర్క్‌షాపులో ఫిట్టరయ్యాడు. నేను రైల్వే ఆస్పత్రిలో పుట్టి, ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో రెండు గదుల క్వార్టర్లో పెరిగాను. తొంభైల మొదట్లో మాకు ఏం తక్కువ? ఇంట్లోనే కుళాయి, ప్రతి గదికీ ఫ్యాను, జ్వరమొస్తే డాక్టరు, ఎండాకాలం వస్తే ఊరెళ్ళడానికి రైలు పాసు. వర్క్‌షాపు సైరన్ మోగితే కాలనీ అంతా సైకిలెక్కేది, మళ్ళీ మోగితే దిగేది. ఇంత భద్రంగా బతికినవాళ్ళు ఆ టౌన్లో తక్కువ.

కానీ మా పెరట్లో ఒక్క చెట్టు ఉండేది కాదు.

బెండ ఉండేది, ఆనప పాదు ఉండేది, గోడ మీదికి చిక్కుడు పాకేది. ఏడాది లోపల కాసి పోయేవే అమ్మ వేసేది. పక్క క్వార్టర్లోనూ అంతే, ఆ పక్కనా అంతే. అమ్మ పెళ్ళినాటి ఇత్తడి సామానంతా పాత పేపర్లలో చుట్టి మంచం కింద చెక్కపెట్టెలో ఉండేది. పండక్కైనా తీయమంటే, ఊరెళ్ళిపోయాక వాడుకుందాం అనేది. పెళ్ళయి ఇరవై ఏళ్ళయింది అప్పటికి. సామాను ఇంకా ప్రయాణంలోనే ఉంది.

ఇప్పుడు వాళ్ళ సంగతి. సుభాష్‌పల్లి చివర, పల్లపు నేలలో, దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు ఉండేవి. అక్కడ అమ్మ జాకెట్లు, నా స్కూలు ఫ్రాకులు కుట్టే ఆవిడని నేను కాకీమా అనేదాన్ని, అంటే పిన్ని. ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు బారిసాల్ నుంచి అమ్మా నాన్నలతో వచ్చిందట. ఆవిడ నాన్న అక్కడ బడిపంతులు, ఇక్కడ లాంతరు వెలుగులో ట్యూషన్లు చెప్పుకుని బతికాడు. కాకీమా భర్త గోల్‌బజార్లో బట్టల కొట్టు గుమాస్తా. పెంకుటిల్లు, మట్టిగోడ, వీధికంతా ఒకటే చేతిపంపు. ఇంట్లో ఫ్యాను లేదు కానీ హార్మోనియం ఉంది, గోడకి రెండు అరల నిండా పుస్తకాలు. మా ఇంట్లో చదవడానికి క్యాలెండర్ తప్ప ఏమీ ఉండేది కాదు.

ఉచితంగా వచ్చిందంటున్న ఆ నేల గురించి కాకీమా ఒకసారి చెప్పింది. వచ్చినప్పుడు అది మోకాలి లోతు నీళ్ళట. లోకో షెడ్డు వాళ్ళు పారబోసే బొగ్గు బూడిదని ఆడా మగా తట్టలతో మోసి, ఏళ్ళ తరబడి పోసి, పూడ్చుకున్నారు. నేలకి కాగితాలు వచ్చింది చాలా ఆలస్యంగా. ఆ బూడిద మీదే ఆవిడ ఇంటి ముందు కొబ్బరి చెట్టు, వెనక పనస, కంచె పొడుగునా పోక చెట్లు. ఇంటికి పైకప్పు సరిగ్గా లేదు కానీ చెట్లకి మాత్రం లోటు లేదు.

వాళ్ళని చూస్తే మాకు చులకన, దాచుకోవడం ఎందుకు. పర్మినెంటు ఉద్యోగం లేనివాళ్ళని మా కాలనీలో మనుషుల్లో లెక్కేసేవారు కాదు. మేమంటే వాళ్ళకీ చులకనే. మద్రాసీలు, ఇనుము కొట్టేవాళ్ళు, పిల్లల్ని చదివించరు అనుకునేవారు. అమ్మ, కాకీమా మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి ఒకళ్ళ ముందు ఒకళ్ళు ఎగతాళి చేసుకునేవారు. చేప తలకాయని కూడా వదలకుండా పప్పులో వేసి వండుతారని అమ్మ, చింతపండు లేకపోతే మీకు అన్నం మింగుడు పడదని ఆవిడ.

కాకీమా కూతురూ నేనూ ఒకే క్లాసు. ఒకరోజు మా పెరట్లో ఆడుకుంటూ, మీ ఇంట్లో చెట్లెందుకు లేవని అడిగింది. బట్టలు ఆరేస్తున్న అమ్మ వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"ఎప్పటికైనా మా ఊరు ఎల్లిపోయేవోళ్ళమే గదమ్మా. సెట్టు నాటి ఎవులికి ఒగ్గెయ్యాల?"

అది నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. నా కోపం సంగతి ఆ కాలనీలో అందరికీ తెలుసు. మర్నాడు స్కూల్లో ఏదో స్కేలు దగ్గర గొడవ మొదలైతే, దానికీ దీనికీ ముడిపెట్టి, మీరు సొంత ఊరు వదిలేసి పారిపోయొచ్చినవాళ్ళు, మాకు ఊరుంది అనేశాను. అది ఏడవలేదు. మెల్లగా, నాకు అర్థమయ్యేలా చెప్పింది.

"మీ ఇంటి గోడ మీద మీ నాన్న పేరు లేదు. నంబరుంది."

ఇంటికొచ్చి చూశాను. నిజమే. పసుపు గోడ మీద నల్ల రంగుతో నంబరు. అంతకు ముందు రోజూ చూసిందే, ఆ రోజే చదివాను. తర్వాత చాలా నెలలు మేం మాట్లాడుకోలేదు.

నాన్న రిటైర్మెంటు దగ్గరపడింది. రిటైరైన కొన్ని నెలలకి క్వార్టరు ఖాళీ చేయాలి, ఆ రూలు అందరికీ తెలిసిందే. అయినా మా ఇంట్లో దాని గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు. ఎక్కడికెళ్తాం అని నేనడిగితే నాన్న, "ఏటే, ఊర్ల ఇల్లు లేదా మనకి?" అనేవాడు. ఊళ్ళో ఇల్లు అంటే తాత కట్టిన ఇంట్లో సగం. మిగతా సగం పెదనాన్నది. నాన్న ప్రతి ఏడూ బోనసు రాగానే ఆ ఇంటికి ఏదో ఒకటి చేయించేవాడు. ఒక ఏడు గచ్చు, ఇంకో ఏడు కిటికీలు.

ఆ వేసవికి ముందు కాకీమా మా ఇంటికొచ్చింది. తన పక్క స్థలం ముసలాయన కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నాడని, తెలిసినవాళ్ళకే అమ్ముతానంటున్నాడని, దుర్గాపూజ దాకా ఆగుతాడని చెప్పింది. నాన్న టీ ఇప్పించాడు, మర్యాదగా వద్దన్నాడు. ఆవిడ వెళ్ళాక మర్యాద పోయింది. రెఫ్యూజీల మధ్యకెళ్ళి చేతిపంపు దగ్గర బిందె పట్టుకుని నిలబడాలా మనం అన్నాడు. పక్క క్వార్టర్ల మావయ్యలూ అదే అన్నారు.  అమ్మ చెక్కపెట్టె మీది దుమ్ము తుడిచింది.

పాసు తీసుకుని ఊరెళ్ళాం. ఎప్పట్లాగే స్టేషన్‌కి బండి కట్టుకొచ్చారు, ఎప్పట్లాగే కోడిని కోశారు. కానీ మా గదిలో పెదనాన్న కొడుకు, మా పెద్దన్నయ్య కొత్త మంచం ఉంది. అంతకు ముందు మాఘంలో వాడి పెళ్ళయింది. మూల ధాన్యం బస్తాలు, కిటికీకి వదిన కుట్టిన తెర. ఆ కిటికీ నాన్న చేయించిందే. ఎవరూ ఏ తప్పూ చేయలేదు, ఇది గట్టిగా చెప్పాలి. ఏడాదికి పదిహేను రోజులు వచ్చేవాళ్ళ కోసం గది ఖాళీగా ఎవరుంచుతారు? మాకు అరుగు మీద పక్కలేశారు.

భోజనాల దగ్గర పెదనాన్న ఇంకాస్త పులుసు పొయ్యమంటావా అనడిగితే నాన్న అలవాటుగా "ఠీక్ హై" అన్నాడు. పిల్లలంతా పడి పడి నవ్వారు. అక్కడున్నన్ని రోజులూ ఎక్కడ చూసినా ఠీక్ హై, ఠీక్ హై. నాన్నా నవ్వాడు. చివరికి పెదనాన్నే ఆ మాటెత్తాడు, అరుగు మీద, తల వంచుకుని.

"గది ఒగ్గీమంటే ఒగ్గెత్తారు రా. నీదే గదా. పిల్లలే మరి ఎక్కడికెల్తారో."

"ఒద్దన్నయ్యా. ఉండనీ," అన్నాడు నాన్న.

అంతలో పెదనాన్న కూతురి బిడ్డ, నాలుగేళ్ళ పిల్ల, వాళ్ళమ్మ కొంగు లాగి అడిగింది. "ఖరగ్‌పూరోళ్ళు ఎప్పుడెల్తారమ్మా?"

వాళ్ళమ్మ దాని నోరు మూసింది. నాన్న గ్లాసులో టీ అలాగే చల్లారిపోయింది. నాకు ఆ ఇంటి మీద, ఆ ఊరి మీద, అందరి మీదా అరవాలనిపించింది. ఎవరి మీద అరవను? ఖరగ్‌పూర్లో మమ్మల్ని మద్రాసీలు అంటారు, ఇక్కడ ఖరగ్‌పూరోళ్ళు. స్కూల్లో నేనన్న మాట గుర్తొచ్చింది. మాకు ఊరుంది.

తిరుగు ప్రయాణంలో నాన్న కిటికీ దగ్గర కూర్చున్నాడు. బరంపురం దాటాక మాట్లాడింది అమ్మే. "ఆ పిల్ల అన్నదాన్ల తప్పేటుంది?" అంది. అంతే.

ఆ ఆదివారం నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని, సుభాష్‌పల్లి వెళ్ళాడు. నన్నెందుకు తీసుకెళ్ళాడో అప్పుడు తెలియలేదు. ఒక్కడూ వెళ్ళి అడగడానికి మొహం చెల్లలేదని ఇప్పుడనుకుంటాను. కాకీమా మిషన్ దగ్గర్నుంచి లేచి ముక్కాలిపీట వేసింది. నాన్న కూర్చుని కొబ్బరి చెట్టు చూశాడు, పనస చూశాడు, మళ్ళీ కొబ్బరి చెట్టు చూశాడు.

"స్థలం గురించి వచ్చారా దాదా, టీ తాగడానికి వచ్చారా?" అందావిడ బెంగాలీలో. దాదా అంటే అన్నయ్యా అని.

"టీకే," అన్నాడు నాన్న.

టీ వచ్చింది. తాగాడు. గ్లాసు కింద పెట్టలేదు. ఆవిడ మళ్ళీ మిషన్ దగ్గర కూర్చుంది కానీ తొక్కలేదు.

"మా నాన్న కూడా మీలాగే, దాదా," అంది. "వచ్చిన మొదట్లో మూడేళ్ళు ఈ నేలలో ఏ చెట్టూ నాటనివ్వలేదు. గొడవలు తగ్గగానే బారిసాల్ వెళ్ళిపోతాం, ఎవరి కోసం నాటడం అనేవాడు. ఆ కొబ్బరి మొక్కని మా అమ్మ ఆయనకి చెప్పకుండా తెచ్చి పెట్టింది. అది మొదటి కాయ కాసేసరికి ఆయన లేడు."

నాన్న గ్లాసు కింద పెట్టాడు. ముసలాయన స్థలం ఇంకా ఉందా అని అప్పుడు అడిగాడు, అదీ నేల చూస్తూ. అయిపోయిందంటుందని నాకు భయమేసింది. అయిపోతే మేం ఎక్కడుంటాం?

"మీరు తీసుకుంటున్నారని ఆయనకి చెప్పేశాను," అంది కాకీమా.

"ఎప్పుడు?"

"మీరు ఊరికి రైలెక్కిన రోజే."

నాన్న కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఠీక్ హై," అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కాలనీలో కొందరు నాన్నతో మాట్లాడటం తగ్గించారు. ఇప్పుడు గ్రూపులో ఉన్న మీలో కొందరి నాన్నలే, పేర్లు చెప్పను. మా స్థలమూ పల్లమే. అప్పటికి బొగ్గింజన్లు పోయాయి, బూడిద లేదు. కాకీమా భర్త, ఆ వీధిలోవాళ్ళు, ఎక్కడెక్కడివో ఇటుక ముక్కలు బండ్ల మీద తెచ్చి పోశారు. నాన్నకి అంతకు ముందు వాళ్ళలో ఒక్కరి పేరూ తెలియదు.

పునాది ఇంకా తీయలేదు. ఒక మధ్యాహ్నం అమ్మ కాకీమా దగ్గరికెళ్ళి కొబ్బరి మొక్క ఒకటి ఇవ్వమని అడిగింది. అమ్మకి బెంగాలీ వచ్చు, అయినా ఆ మాట తెలుగులోనే అడిగింది. ఆవిడకి అర్థమైంది. గొయ్యి నేనూ కాకీమా కూతురూ తవ్వాం. చాలా నెలల తర్వాత అప్పుడే మాట్లాడుకున్నాం. క్షమించమని నేను అడగలేదు, నాకలాంటివి చేతకావు. అది గునపం నా చేతికిచ్చి, ఈసారి గోడ మీద పేరు రాయించండి అంది. మొక్క పెట్టి మట్టి అదుముతూ అమ్మ అడిగింది.

"ఇది కాయడానికి ఎన్నేళ్ళవుతాదే?"

ఆరేడేళ్ళు అంది ఆ పిల్ల. అమ్మ చేతుల మట్టి దులుపుకుని, "పర్లేదు, ఉంటాం గదా," అంది. ఆ సాయంత్రం చెక్కపెట్టె తెరిచి ఇత్తడి బిందె బయటికి తీసింది, కాకీమా పంపు నుంచి మొక్కకి నీళ్ళు పోయడానికి. చుట్టిన పేపరు పసుపుపచ్చగా మారి చేతిలో పొడైపోయింది.

ఇదీ సంగతి. మనకి జీతం, కుళాయి, పాసు ఉన్నాయి, వాళ్ళకి లేవు, ఒప్పుకుంటాను. మనకి నంబరుంది, వాళ్ళకి చెట్టుంది. మనం మూడు తరాలు చేసిన తప్పుని వాళ్ళు మూడేళ్ళలో దిద్దుకున్నారు, అదీ వేరే దారి లేక. ఆ కొబ్బరి చెట్టు ఇప్పుడు మా డాబా కన్నా ఎత్తుంది, ఫొటో గ్రూపులో పెడుతున్నాను. మాకు చెప్పకుండా మా కోసం ఆ స్థలం ఆపి ఉంచినావిడ చేతి మొక్క అది. దాన్ని చూశాక కూడా, ఉచితంగా తీసుకున్నది వాళ్ళే, మనం కాదు అని రాయగలిగినవాళ్ళు మీలో ఎవరున్నారు?