పిస్తా రంగు నీళ్ళు

ఈ ఉదయం చేపల తొట్టిలోని ఫిల్టరు తీసి, దాని స్పాంజిని బకెట్‌లో పెట్టి మెల్లగా పిండాను. బకెట్‌లో ఉన్నవి కుళాయి నీళ్ళు కావు, ఆ తొట్టిలోంచి తోడినవే. గోధుమరంగు మడ్డి వేళ్ళ సందుల్లోంచి కారింది. దానితోపాటు ఒక వాసన లేచింది. కుళ్ళు వాసన కాదు. ఎన్నో ఎండాకాలాలు వాడిన మట్టికూజాలో చెయ్యిపెట్టి కడిగినప్పుడు వచ్చే వాసన. అది ముక్కుకు తగిలినప్పుడల్లా వెనక ఎవరో నిలబడి, "చాలక్కా, ఇగ పిండకు, దాని పానం పోతది" అన్నట్టే ఉంటుంది. ఆ గొంతు సిస్టరమ్మది.

ఆమె పేరు సుగుణ. గల్లీ అంతటికీ సిస్టరమ్మే. ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా చేరి, వార్డు సిస్టర్‌గా రిటైరైంది. మాకు కింది వాటాలో ఒక్కతే ఉండేది. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోయేది. మిగిలిన రోజుల్లో పాత నైటీ మీద తువ్వాలు వేసుకుని, వాకిట్లో కూర్చుని, వచ్చేవాళ్ళనూ పోయేవాళ్ళనూ పలకరించేది. గొంతు గల్లీ చివరి దాకా వినిపించేది. నేనేమో ఆడిట్ ఆఫీసులో ఉద్యోగం చేసిన మనిషిని. గ్యాస్ బండ మార్చిన తేదీ నుంచి పాలవాడు రాని రోజు దాకా నాకు రాసి ఉండాలి. అన్నీ ఉజ్జాయింపుగా చేసే ఆమెకూ, ఏదీ ఉజ్జాయింపుగా చేయలేని నాకూ చాలా ఏళ్ళపాటు నమస్కారం దాటి మాటల్లేవు. చేపలే మమ్మల్ని కలిపాయి. సరిగ్గా చెప్పాలంటే, చచ్చిపోయిన చేపలు.

ముందు మావారి సంగతి చెప్పాలి. మేం పెళ్ళైన కొత్తలో బందరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. ఆయన పత్తర్‌గట్టిలో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో పనిచేసేవారు. ఆడవాళ్ళు చీర తెస్తే దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ తీసి ఇచ్చే కొట్టు అది. అరల నిండా ఉన్న తానుల్లోంచి ఆయన కళ్ళతోనే రంగు ఎంచేవారు. "లైటు కింద రంగు అబద్ధం చెబుతుందమ్మా, బయటికి రండి" అంటూ గుడ్డ పట్టుకుని వీధిలోకి నడిచేవారు. బేరమాడేవాళ్ళతో ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి తగువు పెట్టుకుని, రెండింటిలోనూ నవ్వించి పంపేవారు. అంత మాటకారికి, పని మానేసిన మరుసటి ఏడు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాట పోయింది. మనం అన్నది అర్థమయ్యేది, చూపు బాగానే ఉండేది, మాట మాత్రం నోటికి అందేది కాదు. కొన్నాళ్ళు ప్రయత్నించి ఊరుకున్నారు. "ఆయనకు ఏదైనా కావాలనిపించాలమ్మా. కావాలనిపిస్తేనే మాట కోసం వెతుక్కుంటారు. ఇలాగే ఊరుకుంటే అది ఇక రాదు" అన్నాడు డాక్టరు. నిజానికి ఆయనకు ఏదైనా కావాలనిపించే వ్యవధి నేను ఇవ్వడం లేదు. దాహం వేయకముందే నీళ్ళు, ఎండ తగలకముందే కర్టెను. అది నాకు అప్పటికి తెలియదు.

ఆ డాక్టరు గదిలో ఒక చేపల తొట్టి ఉండేది. అక్కడ కూర్చున్నంతసేపు మావారి కళ్ళు వాటి మీదే ఉండడం చూశాను. మర్నాడే నయాపూల్ దాటి వెళ్ళి తొట్టి, ఫిల్టరు, గులకరాళ్ళు, ఆరు బంగారు చేపలు కొన్నాను. "సీదా ఘర్ జాకే డాల్ దో అమ్మా, కుచ్ నహీ హోతా" అన్నాడు దుకాణం అతను, తిన్నగా ఇంటికెళ్ళి వేసేయొచ్చు, ఏమీ కాదని. ఇంటికి రాగానే అద్దాలు తళతళలాడేలా తుడిచి, రాళ్ళు కడిగి, కుళాయి నీళ్ళు నింపి, ఆ సాయంత్రమే చేపలు వేశాను. మావారు కుర్చీ ముందుకు జరిపించుకున్నారు. రెండు రోజులు మా ఇంట్లో పండగలా ఉంది. ఆ తర్వాత చేపలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరవడం మొదలుపెట్టాయి. ఒకటి పోయింది. మొత్తం నీళ్ళు పారబోసి, అన్నీ మళ్ళీ తోమి, కొత్త నీళ్ళు పోశాను. ఇంకో రెండు పోయాయి. మళ్ళీ తోమాను. ప్రతి చావూ ఆయన కళ్ళముందే. చివరిదాన్ని నేను తీస్తుంటే ఎడమచేత్తో కుర్చీ చేతిని పట్టుకుని, మెల్లగా గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఆ రాత్రి అన్నానికి నోరు తెరవలేదు.

మరునాడు కింద కుళాయి దగ్గర కూర్చుని గులకరాళ్ళు రుద్దుతున్నాను. సిస్టరమ్మ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏందక్కా, రాళ్ళకు తలంటు పోస్తున్నవా?"

"చేపలన్నీ చచ్చిపోయాయి సిస్టరమ్మా. ఇంత శుభ్రంగా ఉంచాను."

"శుభ్రంగ ఉంచినవ్, గందుకే సచ్చినయ్."

నాకు చిర్రెత్తింది. అది చూసి ఆమె నవ్వి, నా చేతిలోని రాళ్ళు లాక్కుని, తన ఇంట్లోకి తీసుకుపోయింది. ఆమె తొట్టి చూస్తే నాకు కడగాలనిపించింది. అద్దాలకు సన్నగా నాచు, రాళ్ళ మీద గోధుమ పొర. అందులో గప్పీ చేపలు తోకలు విసనకర్రల్లా విప్పుకుని, పిల్లాపాపలతో తిరుగుతున్నాయి. అక్కడ నిలబెట్టి ఆమె చెప్పింది. చేప తిన్నది విసర్జిస్తుంది, ఆ విసర్జన నీళ్ళలో విషమవుతుంది. ఆ విషాన్ని తిని బతికే సూక్ష్మజీవులు స్పాంజిలో, రాళ్ళమీద పుట్టాలి. కొత్త తొట్టిలో అవి ఉండవు. పుట్టబోయే వాటిని నేను తోమి, కుళాయిలో వచ్చే క్లోరిన్ మందునీళ్ళతో కడిగి చంపుతూ వచ్చాను.

"నీ నీళ్ళు ఇంక కచ్చిగున్నయక్కా. పక్కా గావాలె. గప్పటిదాంక చేప వద్దు."

"ఎన్నాళ్ళు?"

"నాకేం ఎరుక? అయినప్పుడు అయితది."

"ఒక తేదీ అంటూ చెప్పండి."

"కాన్పుకే ఖాయం తేదీ ఎప్పుడు జెప్పలే నేను. నీళ్ళకు జెప్తనా?"

అంటూనే తన ఫిల్టరు తీసి, మడ్డి పట్టిన స్పాంజిని కత్తెరతో సగానికి కోసి గిన్నెలో వేసి ఇచ్చింది. "పాలల్ల చేమిరి ఏస్తం గద. గిట్లనే. ఇది నీ ఫిల్టర్ల పెట్టు. ఎండనియ్యకు. పంపు కింద పెట్టినవో, నీతోని మాట్లాడ." మేం తోడు అనేదాన్ని వాళ్ళు చేమిరి అంటారు. పెరుగు తోడు అడగడానికి కూడా ఏనాడూ ఆమె గడప తొక్కని నేను, ఆ రోజు మురికి స్పాంజి పట్టుకుని, అది ఒలకకుండా మెట్లెక్కాను.

కుళాయి నీళ్ళు బకెట్లలో నిలవబెట్టి, మందు వాసన పోయాక తొట్టి నింపాను. చేపల్లేని తొట్టి బుడబుడమంటూ ఉండేది. రోజూ ఒక చిటికెడు మేత మాత్రం వేయమంది సిస్టరమ్మ. అది కుళ్ళి విషం పుడితేనే, ఆ విషాన్ని తినేవి పెరుగుతాయట. ఎవరూ లేని ఇంట్లో వడ్డించినట్టు ఉండేది నాకు. మావారు గోడవైపు నుంచి తిరగలేదు. ఆ వారంలోనే సిస్టరమ్మ చెప్పగా నీళ్ళు పరీక్షించే డబ్బా ఒకటి కొన్నాను. అందులో గాజు గొట్టాలు, మందు సీసాలు, రంగుల అట్ట. గొట్టంలో తొట్టినీళ్ళు పోసి చుక్కలు వేస్తే రంగు తేలుతుంది. పసుపైతే విషం లేదు. ఆకుపచ్చ ఎంత చిక్కబడితే అంత ఉన్నట్టు.

మొదటిరోజు సిస్టరమ్మ పైకి వచ్చి, అడగకుండానే మావారి కుర్చీని కిటికీ వైపు తిప్పేసింది.

"అన్నా, నాకు కండ్లు సరిగ కనబడ్తలేవు. జర నువ్వు జూడు." ఆయన చూడలేదు. "సరే తియ్. అక్కా, చిలకపచ్చ అని రాసుకో."

నా కంటికి అది చిలకపచ్చలా లేదు. కానీ నర్సు కదా అని రాసుకున్నాను. రెండోరోజూ ఏదో రంగు చెప్పింది, రాసుకున్నాను. మూడోరోజు గొట్టం పైకెత్తి, "ముదురు ఆకుపచ్చ, రాసుకో" అంది. మావారి గొంతులోంచి విసుగ్గా ఒక శబ్దం వచ్చింది. ఎడమచెయ్యి చాచి ఆమె చేతిలోంచి గొట్టం లాక్కున్నారు. దాన్ని కిటికీ వెలుగులోకి పట్టారు, కొట్టు మెట్లు దిగి వీధి వెలుతురులో జాకెట్టు గుడ్డ పట్టినట్టే. అట్ట పక్కన పెట్టి చూశారు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఆయన అనబోయేది నేనే అనేద్దామని నోరు తెరిచాను. సిస్టరమ్మ చెయ్యి నా మోకాలి మీద పడింది. గట్టి చెయ్యి. "ఊకో" అంది పెదవులతో. కింద ఎవరో స్కూటరు స్టార్టు చేసి వెళ్ళిపోయారు.

"పి..." అన్నారాయన. ఆగారు. "పిస్తా."

నేను ఏడుస్తానని భయపడింది కాబోలు, సిస్టరమ్మ నావైపు చూడనే లేదు. "అట్లనా అన్నా? నాకు ముదురు లెక్క కొట్టింది. రాసుకో అక్కా, పిస్తా" అంది, కూరగాయల ధర దిద్దుకున్నంత మామూలుగా.

ఆనాటి నుంచి రోజూ పొద్దున ఆయన తొట్టివైపే తిరిగి కూర్చునేవారు. పిస్తా చిలకపచ్చ అయింది. కొన్నాళ్ళు అక్కడే నిలిచి, మళ్ళీ పలచబడుతూ వచ్చింది. ఒకరోజు "నిమ్మ" అన్నారు. నిమ్మపండు రంగంటే పసుపు, అంటే విషం పోయినట్టు. నేను చీర మార్చుకుని సంచి పట్టుకున్నాను. ఇంకా గడపైనా దాటలేదు, ఆయన ఎడమ అరచెయ్యి తొట్టి మూత మీద పెట్టి, రెండో గొట్టం వైపు తల విదిలించారు. "వంగపండు." నిజమే. మొదటి విషాన్ని తిన్న జీవులు ఇంకో విషాన్ని వదులుతాయి. దాన్ని తినేవి ఇంకాస్త ఆలస్యంగా పెరుగుతాయి. దానికి వేరే చుక్కలు, వేరే గొట్టం. అందులో లేతనీలం రావాలి. ఎవరికోసం చేపలు తేవాలని ఆత్రపడ్డానో, ఆ మనిషే నన్ను ఆపాడు. సంగతి విని సిస్టరమ్మ వాకిట్లో పడీపడీ నవ్వింది. "మస్తయింది! ఆడిట్ మేడమ్‌కే ఆడిట్ జేసిండు అన్న!"

వంగపండు వెలిసి లేతనీలమైన రోజు ఆయన గొట్టాన్ని చాలాసేపు వెలుతురుకు పట్టి, "ఆకాశం" అన్నారు. గొట్టం నా చేతికిచ్చి, నా కొంగు పట్టుకుని, నేను అడగకుండానే, ఎవరూ రెచ్చగొట్టకుండానే, "చేపలు" అన్నారు. డాక్టరు చెప్పిన కావాలనిపించడం అదే.

ముగ్గురం ఆటోలో వెళ్ళాం. బంగారు చేపలవైపు నన్ను చూడనివ్వలేదు సిస్టరమ్మ. "గవి మస్తు తిని, మస్తు పాడు చేస్తయ్. గప్పీలు తీస్కో. మన గల్లీ పోరగాండ్ల లెక్క, ఎట్లనన్న బతుకుతయ్." అవి కూడా మొదట నాలుగే, నీళ్ళకు బరువు ఒక్కసారి పడకూడదని. ఇంటికొచ్చి చేపల సంచిని విప్పకుండా తొట్టి నీళ్ళమీద తేలనిచ్చాం. రెండు నీళ్ళ వేడి సమానమయ్యేదాకా టీ తాగుతూ కూర్చున్నాం. మాటల్లో సిస్టరమ్మ తన ఉద్యోగం కొత్తరోజులు చెప్పింది.

"గప్పుడు షుగర్ మిషన్లు యాడియక్కా? మూత్రం గొట్టంల పోసి, మందేసి కాగబెట్టి రంగు జూసేది. నీలముంటె ఫికర్ లేదు. పచ్చ, పసుపు, ఇటుక రంగు... వార్డు వార్డంతా నేనే జూసి రాసేదాన్ని. ఒక్కనాడు తప్పు రాయలే."

ఆమె కిందికి దిగుతుంటే మెట్ల మీద ఆపాను. "మరి మీకు రంగులు కనపడవన్నారు?"

సబ్బు వాసన వేసే అరచెయ్యి నా నోటికి అడ్డం పెట్టింది. "చిన్నగ మాట్లాడక్కా, అన్న ఇంటడు." చెయ్యి తీశాక అంది: "ముప్పై ఏండ్లు అందరి రంగులు దిద్దిన మనిషి గాయన. తప్పు జెప్తె ఊకుంటడా? నువ్వేమో అన్ని సరిగ్గ జెప్తవ్, అన్ని నువ్వే జేస్తవ్. ఇగ ఆయనకు జెప్పనీకి ఏం మిగిల్తది?"

ఆ రోజు నుంచి ఆయన నీళ్ళగ్లాసు చేతికి అందించడం మానేశాను, అడుగు దూరంలో పెట్టాను. మొదట్లో మనసు ఒప్పేది కాదు. "నీళ్ళు" అనడానికి ఆయన పడే పాట్లు వింటూ వంటింట్లో గట్టు పట్టుకుని నిలబడేదాన్ని. తొట్టిదీ అదే పాఠం. చేపలు గబగబా తినేసేంత మేతే, వారానికోసారి కొన్ని నీళ్ళే మార్చడం, మడ్డి అంతా పోయేలా స్పాంజి పిండకపోవడం. చెయ్యి ఆపుకోవడం కూడా సేవేనని నాకు అరవై దాటాక తెలిసింది. అంతకు ముందు నేర్పేవాళ్ళు దొరకలేదో, నేర్పితే నేను వినలేదో.

పోయిన ఏడాది క్రిస్మస్‌కు ముందు సిస్టరమ్మ వెళ్ళిపోయింది. పెద్ద జబ్బేమీ లేదు, ఉన్నట్టుండి గుండె ఆగింది. ఆమె చేపలు మా తొట్టిలోకి వచ్చాయి. తొట్టిని ఆమె చెల్లెలి కూతురు కడిగి, ఆరబెట్టి తీసుకుపోయింది. ఇప్పుడు ఆమె వాటాలో కొత్తగా పెళ్ళైన జంట ఉంటున్నారు. ఆ అమ్మాయి నిన్న సాయంత్రం మెట్లెక్కి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఆంటీ, మా ఫిష్ అన్ని సచ్చిపోయినయ్. నేను రోజు కడుగుతున్న గూడ."

అందుకే ఈ ఉదయం స్పాంజి తీశాను. మెల్లగా పిండి, కత్తెరతో సగానికి కోసి, తడి ఆరకుండా గిన్నెలో వేసి పెట్టాను. ఆ అమ్మాయి తన తొట్టినీళ్ళు సీసాలో తెచ్చింది.

"ఎన్ని రోజులల్ల అయితది ఆంటీ?"

"నాకు తెలియదమ్మా" అన్నాను. ఈ మాట అనడం నాకు ఇప్పటికీ తేలిక కాదు.

గొట్టంలో ఆమె నీళ్ళు పోసి చుక్కలు వేశాను. రంగు తేలింది. మావారు కిటికీ పక్కన పేపరు చదువుతున్నట్టు కూర్చున్నారు, చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. గొట్టం పైకెత్తి, "ఏమండీ, ఇది నిమ్మపండు రంగే కదా?" అన్నాను. ఆ అమ్మాయి గొట్టం వంకా నా వంకా మార్చిమార్చి చూసింది.

పేపరు కిందికి దిగింది. ఎడమచెయ్యి వచ్చి గొట్టం తీసుకుని వెలుతురులోకి పట్టింది.

"చిలకపచ్చ" అన్నారాయన. నావైపు చూసి, మాట కూడదీసుకుని, "కళ్ళజోడు... మార్చు" అన్నారు.

నా కళ్ళజోడు మార్చి మూడు నెలలైనా కాలేదు. మార్చిన తేదీ కూడా నా దగ్గర రాసి ఉంది.

"అలాగేనండీ" అన్నాను.