తువ్వాలు కింద తెలుగు మాటలు

నా చిన్నప్పుడు నోరు పరిగెత్తినంత జోరుగా నా చెయ్యి పరిగెత్తేది కాదు. మడకశిరలో బస్సులు ఆగేచోట మాది కిరాణా అంగడి. మా నాయన బేరం తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో తెంపేవాడు. అది వింటూ పెరిగినదాన్ని కదా, అమ్మ అన్నం పెట్టినా కొసరు అడిగేదాన్ని. బడిలో డిక్టేషన్ అంటే మాత్రం బలపం కదిలేది కాదు. ఒత్తులు ఒకచోట, దీర్ఘాలు ఇంకోచోట పడేవి. అయ్యవారు పలక నిండా పెద్ద సున్నా చుట్టి పంపేవారు.

మా నాయనకు ఓపిక తక్కువ. ఈ తూరి కూడా సున్నా తెస్తే బడి మాన్పించి అంగట్లో కూర్చోబెడతానని తేల్చి చెప్పినాడు. ఊరికే బెదిరించే మనిషి కాదు. మా అక్కను అట్లే మాన్పించినాడు. బడి గంట వినపడినప్పుడల్లా ఆమె నూనె కొలుస్తా కొలుస్తా ఒక్క క్షణం ఆగేది. ఆ ఆగడం చూడలేక నేను పలక తీసుకుని గబగబా బయటపడేదాన్ని.

నెలాఖరు డిక్టేషన్ దగ్గర పడుతోంది. ఒక మధ్యాహ్నం పిల్లలంతా అన్నానికి పోయినాక అయ్యవారి దగ్గరికి పోయినాను. ఏడ్చి అడగాల్సిన దాన్ని బేరమాడి అడిగినాను. “సార్, పది మాటలు చానా ఎక్కువ. నాకు నాలుగు చేసుకోండి.”

ఇంకొకరైతే బెత్తం తీసుండేవారు. ఈయన గడ్డం గోక్కొని, “నాలుగెందుకులే పాపా, నువ్వు అసలు రాయాల్సిన పనే లేదు. సున్నా కూడా పెట్టను. బదులుగా రేపట్నుంచి నాకొక పని చేసిపెట్టాల,” అన్నారు. ఏం పనో అడక్కుండానే ఒప్పుకున్నాను. అంగడి బిడ్డ చేయకూడని తప్పు అది.

మరుసటి రోజు ఆయన ఒక తువ్వాలు తెచ్చినారు. గొర్రెల సంతలో బేరం ఎట్లా జరుగుతుందో మా వైపు పిల్లలకు తెలుసు. కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్లకు ముఖాలే కనిపిస్తాయి. అయ్యవారు ధర బదులు మాటలు పెట్టినారు. ఒకరు తువ్వాలు కింద ఎదుటివాళ్ల అరచేతిలో వేలితో మాట రాయాల. రెండోవాళ్లు అది కనుక్కొని పలక మీద రాయాల. తేడా వస్తే ఇద్దరూ, సంతలో మాదిరే మధ్యన ఉండే దళారి అరచేతిలో మళ్లీ రాస్తారు. ఎవరిది సరో దళారి తేల్చాల. ఆ దళారిని నేను.

తరగతి సంతైపోయింది. అన్నాళ్లూ వెనక గోడకు ఆనుకుని నోరు విప్పని గొర్రెల కాపరుల పిల్లలు తువ్వాలు పడగానే ముందుకు దూకినారు.

“యాడ రాసినావప్పా దీర్ఘం? నా చేతికి తగల్లేదే!”

“చెక్కిలిగిలి పెడితే ఎట్ల తెలుస్తాది? సరిగ్గా రాయి!”

తగువులన్నీ నా మీదికే వచ్చేవి. మొదటి రోజే తప్పు తీర్పు చెప్పినాను. కాపరుల పిల్ల ఒకతి నడుం మీద చెయ్యి పెట్టుకుని, “ఏం దళారివమ్మా నువ్వు! మా సంతకొస్తే మేకను చూపించి గొర్రె అంటావు,” అనింది. తరగతంతా నవ్వింది. సున్నాలు మోసి మోసి మొద్దుబారిన నాకు ఆ మాట మాత్రం సూటిగా తగిలింది. అంగట్లో పుట్టి దళారీతనం చేతకాదంటే ఇంక నా బతుకేం కావాల?

ఆ సాయంత్రం నుంచి పిండి డబ్బా మూత మీద, బెల్లం గోనె మీద, యాడ చోటు దొరికితే ఆడ వేలితో మాటలు రాసుకున్నాను. ఏమీ దొరక్కపోతే మా అక్క చెయ్యి లాక్కునేదాన్ని. ఆమె నూనె జిడ్డు పావడాకు తుడుచుకుని అరచెయ్యి చాపేది, కళ్లు మూసుకుని మాట చెప్పేది. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

డిక్టేషన్ రోజు అయ్యవారు నా వైపు చూడనైనా చూడలేదు. మొదటి మాట చెప్పగానే అది నా అరచేతిలో కదిలినట్టయింది. ఊరుకోలేక పలక తీసినాను. పదీ రాసి పట్టుకుపోతే, “నీకు వద్దనుకున్నాం కదా పాపా. బేరమంటే బేరమే,” అన్నారు. దిద్దండి సార్ అని నేనే బతిమాలుకున్నాను.

ఆ సాయంత్రం ఆయన అంగడికొచ్చి మా నాయన చేతికి పలక ఇచ్చి, “అన్నా, నీ బిడ్డ నన్ను బేరంలో ఓడించింది. దీన్ని చదవనీ,” అన్నారు. నాయన పలకను అటూ ఇటూ తిప్పి, సున్నా యాడా లేదని చూసుకున్నాడు. “నువ్వు ఓడినావంటే నేను నమ్మనప్పా,” అని నవ్వినాడు. బడి మాన్పించే మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

నేను చానా ఏండ్లు గెలిచినాననే నమ్మినాను. నాలుగు మాటలకు బేరం పెట్టి, తరగతిలో అందరి మాటలూ ఒక్కదాన్నే మోసినానని ఆలస్యంగా వెలిగింది. జీవితమంతా బేరాలాడుతూనే వచ్చినాను. ఈ వయసులో కూడా ఏదైనా బేరం మరీ సులువుగా తెగితే సంతోషం కన్నా ముందు అనుమానం వస్తుంది. మోసపోయినానేమో అని కాదు. ఎదుటి మనిషి నాకు తెలియకుండా ఏదో మేలు చేస్తాండాడేమో అని.