సూర్ రోడ్డు మీద బావతో పందెం

ఒమన్ చూద్దామని సరదా పడి వెళ్ళినవాణ్ణి కాను నేను. మా దానియేలు బావని ఇంటికి తీసుకురావడానికి వెళ్ళాను. నందిగామలో ఉండే మా రూతక్క భర్త ఆయన. ఒకప్పుడు జగ్గయ్యపేటలో సిమెంటు లారీ నడిపేవాడు, నేను ఆయనకి క్లీనర్ని. తర్వాత మస్కట్ వెళ్ళి ఇరవై ఏళ్ళకు పైగా ఒక కంపెనీ వ్యాను తోలాడు. ఇప్పుడు షుగరు కళ్ళకెక్కింది. ఎదురుగా మనిషి ఉన్నాడని తెలుస్తుంది గానీ మొహం కనపడదు. కంపెనీవాళ్ళు తాళాలు తీసేసుకున్నారు. అయినా ఇంటికి రానంటాడు. "దారులన్నీ నా బుర్రలో ఉన్నాయి. కొత్త డ్రైవర్ల పక్కన కూర్చుని దారి చెప్పి బతుకుతా. మీ అక్క మీద పడి తినను" అని ఫోన్లో అరుస్తాడు. అక్క నన్ను పిలిపించి, "ఒరే ఏసోబూ, ఊళ్ళో అందర్నీ బురిడీ కొట్టిస్తావు గదా, మీ బావకీ ఏదో ఒకటి చెప్పి తీసుకురారా" అని ఏడ్చింది. నా చదువు ఎనిమిదో తరగతిలోనే ఆగింది గానీ ఆ విద్యలో మాత్రం నాకు లోటు లేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ముందుగా చెబుతున్నా: మన లైసెన్సుతో పాటు ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా తీసుకోండి. పాస్‌పోర్టూ వీసా చూపిస్తే ఇస్తారు. అక్కడ బళ్ళు రోడ్డుకి కుడిపక్కన నడుస్తాయి, స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది. ఇక్కడే అలవాటు చేసుకుందామని ఒక ఆదివారం పొద్దున్నే జగ్గయ్యపేట క్వారీ రోడ్డు మీద కుడిపక్కన మోటారు సైకిలు నడిపాను. ఎదురొచ్చిన పాలాయన బండి ఆపి, "చర్చికి పోవాల్సిన టైములో తాగొచ్చావేంట్రా?" అన్నాడు. "నేను ఒమన్‌లో ఉన్నానండి, మీరే రాంగ్ రూట్లో వస్తున్నారు" అన్నాను. ఆయన అన్న మాటలు ఇక్కడ రాయకూడదు. మీరు మాత్రం ఆ పని చేయకండి.

జగ్గయ్యపేటలో బస్సెక్కితే హైదరాబాదుకి నాలుగు గంటలు, అక్కణ్ణుంచి మస్కట్‌కి విమానంలో మూడున్నర. బావ ఉండేది రూవీ అనే పేటలో, నలుగురు ఉండే గదిలో. నేను వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని ఉన్నాడు. నా పొట్ట మీద చెయ్యి వేసి, "ఈ పొట్ట ఎవడిదిరా? మా ఏసోబుది ఇంత లేదే" అన్నాడు. ఇంటికి పద అంటే పందెం కట్టాడు. "రేపు సముద్రం ఒడ్డునున్న సూర్ ఊరి దాకా నడుపు. దారిలో ఏం వచ్చుద్దో ముందే చెప్తా. ఒక్కటి తప్పినా నీతో వచ్చేస్తా. తప్పకపోతే నోర్మూసుకుని ఒక్కడివే పో." సరే అన్నాను. కళ్ళు లేని మనిషితో పందెం, గెలిచేది నేనేగా అనుకున్నాను.

పొద్దున ఏడింటికి కారు అద్దెకి తీసుకున్నాం. రోజుకి పన్నెండు రియాళ్ళు, మన డబ్బుల్లో రెండున్నర వేల పైమాటే. ఎడమ పక్క సీట్లో కూర్చుంటే మళ్ళీ క్లీనర్నయిపోయినట్టనిపించింది. బెల్టు కోసం తప్పు వైపు వెతికాను. గేరు కోసం చెయ్యి చాపితే తలుపు తగిలింది. ఇండికేటరు వేయబోతే వైపర్లు ఆడాయి. బావ ఆ చప్పుడు విని, "వాన నీ ఒక్కడి మీదే పడతందేంట్రా?" అన్నాడు. ఆయన కుడి పక్కన కూర్చున్నాడు. మన ఊళ్ళో అది డ్రైవరు సీటు. ముందు స్టీరింగు లేదు. అయినా రెండు చేతులూ పైకి లేచి, పట్టుకునేదేమీ దొరక్క, మోకాళ్ళ మీదకి దిగాయి. నేను చూశానని ఆయనకి తెలియదు.

అంత వెక్కిరించే మనిషి నేర్పేటప్పుడు మాత్రం ఒక్క మాట జారలేదు. "ఏ దేశంలో అయినా రోడ్డు మధ్య గీత డ్రైవరు పక్కనే ఉండాల. గీత నా పక్కకొచ్చిందంటే నువ్వు ఎదురు పోతున్నట్టే" అన్నాడు. రౌండబౌటు అంటే మన సర్కిలే. "ఎడమ నుంచి వచ్చేవాడికి దారియ్యి. లోపల తిరిగేవాడిదే ముందు. నందిగామ సెంటర్లో దూరినట్టు దూరావంటే చస్తాం." నాలుగు రౌండబౌట్లు దాటేసరికి నా చొక్కా తడిసిపోయింది.

మస్కట్ నుంచి సూర్‌కి రెండు వందల కిలోమీటర్లు, ఆగకుండా వెళ్తే రెండున్నర గంటలు. దారి పొడుగునా బావ చెబుతూనే ఉన్నాడు. "ఇప్పుడు పల్లం." పల్లం వచ్చింది. "ఎడమ పక్క కొండ కోసేసి ఉంటది." ఉంది. "కురయ్యత్‌లో పెట్రోలు బంకు, పక్కనే మలయాళీ టీ కొట్టు." అదీ ఉంది. టీ కాచే ఆయన పరుగెత్తుకొచ్చి, "దానియేల్ భాయ్, ఇన్నాళ్ళూ ఏమైపోయావు?" అని హిందీలో అడిగాడు. బావ నన్ను చూపించి, "క్లీనర్ని డ్రైవర్ని చేస్తున్నా, తీరిక లేదు" అన్నాడు. టీ తాగుతున్నంతసేపూ బావ నవ్వుతూనే ఉన్నాడు. సముద్రం కనిపించేసరికి నాకు గెలవాలని లేదు. ఆయనకి కనిపించే లోకమంతా ఈ రోడ్డేనని అప్పటికి అర్థమైంది.

సూర్ దగ్గర పడ్డాక అన్నాడు. "ఇప్పుడు పెద్ద రౌండబౌటు. మధ్యలో పడవ బొమ్మ. చుట్టూ తిరిగి ఎడమకి."

ఎదురుగా రౌండబౌటు లేదు, పడవా లేదు. కొత్త వంతెన ఉంది, రోడ్డు తిన్నగా దాని మీదకి ఎక్కుతోంది. నేను వేగం తగ్గించాను. ఇండికేటరు వేసి టిక్కు టిక్కు వినపడనిచ్చాను. "వచ్చింది బావా. పడవకి కొత్త రంగేశారు" అన్నాను. తిన్నగా పోనిచ్చాను.

ఆయన పక్క తలుపు మీద చెయ్యి ఆనించాడు.

"ఏం రంగు?"

"నీలం."

"తిప్పావా?"

"తిప్పాను బావా."

"ఒళ్ళు వాలలేదురా" అన్నాడు. "రౌండబౌటు తిరిగితే ఒళ్ళు ఈ తలుపు మీదకి వాలుద్ది. ఇన్నేళ్ళు తిరిగిన ఒళ్ళు. దానికి తెలీదా?"

బండి పక్కకి తీసి ఆపాను. ఇంకా టిక్కుమంటున్న ఇండికేటరు ఆపేశాను.

"తీసేశారా?"

"తీసేశారు బావా. వంతెన కట్టారు."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "గెలవడానికి దొంగాట ఆడేవాళ్ళని చూశా గానీ, ఓడిపోడానికి ఆడేవాణ్ణి నిన్నే చూశాను, దరిద్రుడా" అన్నాడు. ఆ తర్వాత, "టికెట్టు ఎప్పటికి తీశావు?" అని అడిగాడు.

సూర్‌లో చేపల కూరతో అన్నం తిన్నాం. రుచి ఎలా ఉందని నన్నడగకండి. తిరుగు దారిలో బావ ఒక్క మలుపు కూడా చెప్పలేదు.

జనాన్ని నమ్మించడమే నా పని అనుకుని బతికాను. నమ్మితే బాగుండును అనుకున్న ఆ ఒక్కసారి మాత్రం నా మాట చెల్లలేదు. ఇప్పుడు బావ నందిగామలో ఉంటున్నాడు. అక్క పెట్టింది తింటాడు, ఏమీ అడగడు. వీలైనప్పుడు కార్లో ఎక్కించుకుని జగ్గయ్యపేట దాకా తిప్పుకొస్తుంటాను. సిమెంటు లారీ పక్కనుంచి పోతే తల తిప్పి వింటాడు.

కుడిపక్క నడిపే దేశానికి వెళ్ళేవాళ్ళకి చెప్పగలిగింది ఒక్కటే. బండి కదిలించిన ప్రతిసారీ, మలుపు తిరిగిన ప్రతిసారీ, మధ్య గీత ఎవరి పక్కన ఉందో పైకి అనండి. నడిపేవాడి పక్కన ఉంటే సరిగ్గా పోతున్నట్టు. మొన్న హైవే ఎక్కగానే బావ తనంతట తానే అడిగాడు.

"గీత ఎటుందిరా?"

"నా పక్కనే బావా."

"ఆ, నీ పక్కనే ఉండాల" అని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు.