మా చిన్నమ్మ దోసకల్లు

నా చిన్నప్పుడు చేసిన చెడ్డ పనుల్లో ఒకదాన్ని మాత్రం మా నాయన దగ్గర చివరిదాకా దాచాను. ఒక దోస పెనాన్ని నాలుగు రోజులు ఉప్పునీళ్ళలో ముంచి పెట్టాను. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. నాకు మాత్రం ఇప్పటికీ చిన్న సంగతి కాదు.

అప్పుడు నాకు పదేళ్ళు. మాది వడమాలపేట దగ్గర ఒక పల్లె. అమ్మ పోయిన రెండేళ్ళకు నాయన సత్యవేడు వైపు నుంచి చిన్నమ్మను పెళ్ళి చేసుకుని తెచ్చాడు. బస్సు దిగాక పెట్టె నాయన చేతికిచ్చింది కానీ, పాత చీరలో చుట్టిన ఇనుప పెనాన్ని మాత్రం చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు తానే పట్టుకుని ఇంటిదాకా నడిచింది. తమిళనాడు అంచున పుట్టిన మనిషి కదా, దాన్ని పెనం అనేది కాదు, దోసకల్లు అనేది. కల్లంటే వాళ్ళకు రాయి, మాకు ఈతచెట్ల మీంచి దించేదే. మా చిన్నమ్మ దోసల్లో కల్లు పోస్తుందని బడిలో చెప్పి అందరినీ నవ్వించాను. ఆ మాట ఆమె చెవిన పడితే ఆమె కూడా నవ్వింది. దాంతో నాకు ఇంకా మండింది.

అసలు మంట మాత్రం అది కాదు. ఒక ఆదివారం పొద్దున నాయన నాలుగో దోస తింటూ, ఇంత మంచి దోస మన ఇంట్లో ఎప్పుడూ తినలేదే అన్నాడు. ఆయన మాటవరసకే అన్నాడు. నేను మాత్రం చేతిలోని ముక్కను మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాను. ఎప్పుడూ అంటే మా అమ్మ చేసినవి కూడా లెక్కలోకి వచ్చినట్టే కదా. అమ్మ దోసలు మందంగా ఉండేవి, అంచులు కాస్త మాడేవి. అవి గుర్తున్నది ఇక నాకొక్కదానికేనా అని దిగులు పట్టుకుంది.

ఆ నెలలోనే తన తమ్ముడి పెళ్ళి పనులకని చిన్నమ్మ పుట్టింటికి వెళ్ళింది. ఆమె బస్సెక్కిన సాయంత్రమే పెనాన్ని చిలక్కొయ్య మీంచి దించి, పెరట్లో వాడకుండా పడి ఉన్న తొట్టిలో నీళ్ళు నింపి, గుప్పెడు రాళ్ళ ఉప్పు వేసి ముంచేశాను. ఆమె తిరిగొచ్చే రోజు తీసి, నా పావడతోనే తుడిచి, మళ్ళీ తగిలించాను. నిగనిగలాడే నలుపు పోయి ఎర్రమట్టి రంగు తేలింది. గెలిచాననే అనుకున్నాను.

చిన్నమ్మ వచ్చి వంటింట్లోకి వెళ్ళింది. నేను అడుగుల చప్పుడు కాకుండా వెనకే వెళ్ళాను. తలుపు సందులోంచి చూస్తే పెనాన్ని ఒళ్ళో పెట్టుకుని, వేలితో ఆ తుప్పును మెల్లగా తడుముతూ కూర్చుని ఉంది. ఇంతలో నాయన వచ్చి చూశాడు. మీ అమ్మ పోతూ పోతూ ఇచ్చిన వస్తువు కదా, ఎవరు ఇట్లా చేసిందని ఆమెను గట్టిగా అడిగాడు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఆమెకూ అమ్మ లేదని అంతవరకు నాకు తట్టనే లేదు.

"ఎవురూ కాదు. నేనే తడి తుడవకుండా తగిలించి పోయినా" అంది చిన్నమ్మ.

ఇంత అజాగ్రత్త పనికిరాదని నాయన కోప్పడ్డాడు. నాకు పడాల్సిన తిట్లు ఆమె తల వంచుకుని పడింది. నేను తలుపు వెనక నిలబడి అన్నీ విన్నాను, నోరు మాత్రం విప్పలేదు.

మర్నాడు పొద్దున్నే, తన ఒక్కదాని వల్ల కాదని నన్ను సాయానికి పిలిచింది. పెరట్లో ఇద్దరం కూర్చుని కొబ్బరి పీచుతో తుప్పు రుద్దాం. బియ్యం కడిగిన నీళ్ళలో నానబెట్టి మళ్ళీ రుద్దాం. సన్న సెగ మీద చుక్క తడి లేకుండా ఆరబెట్టి, గుడ్డతో వేరుశనగ నూనె పట్టించి, పొగ వచ్చేదాకా కాచి, చల్లార్చి, మళ్ళీ నూనె పట్టించాం. నూనె ఎక్కువైతే జిగురు కడుతుందని, పలచగానే రాయాలని చెప్పింది. మూడో రోజు సగానికి కోసిన ఎర్రగడ్డతో, అదే ఉల్లిపాయతో, పెనాన్ని రుద్ది దోస పోస్తే, అది అతుక్కుని పీలికలైంది. నాకు ఏడుపొచ్చింది. ఇంక ఇది బాగుపడదా అని అడిగాను. ఆమె పలకరించకుండా నా అంతట నేను ఆమెతో మాట్లాడిన మొదటి మాట అదేనేమో.

"ఇనుముకు కోపం ఉండదు పాపా. కల్లు మనకు పళగాల. దినమూ కొంచెం నూనె, కొంచెం సెగ. తొందరపడితే కాదు" అంది.

పళగడమంటే అలవాటు పడడం, మచ్చిక కావడం. తమిళం నుంచి ఆమె వెంట వచ్చిన మాట. వారం రోజులు పీలికలైన దోసలు తాను తిని, నాయనకూ నాకూ ఉప్మా చేసి పెట్టింది. ఆ తర్వాత ఒక పొద్దున దోస అంచు తనంతట తానే పైకి లేచింది. దాన్ని నా పళ్ళెంలో వేసి, మీ అమ్మ దోస ఎట్లా ఉండేదని అడిగింది. మందంగా, అంచులు మాడి ఉండేదని చెప్పాను. రెండోది అట్లాగే పోసింది. ఏడుస్తూనే తిన్నాను.

నాకు పెళ్ళయి వేరు కాపురం పెట్టినప్పుడు ఆ పెనాన్ని నాకే ఇచ్చింది. అప్పుడు ధైర్యం చేసి నిజం చెప్పబోయాను, పూర్తి చేయనివ్వలేదు.

"నీ పావడకు తుప్పు మరక ఉండింది. మీ నాయన సూడకముందే ఉతికేసినా" అని నవ్వింది.

చివరిదాకా ఆమెను చిన్నమ్మ అనే పిలిచాను. అమ్మ అన్న మాట ఎంతగా నోటికి పళగుతుందో, ఆ మాటా నాకు అంతగా పళగింది.

పోయిన నెల తిరుపతిలోని మా ఇంట్లో కొత్త కోడలు తెలియక ఆ పెనాన్ని రాత్రంతా సబ్బునీళ్ళలో వదిలేసింది. పొద్దున మా అబ్బాయి ఎర్రబడిన పెనాన్ని చేత్తో పట్టుకుని, ఇది అవ్వ పెనం, ఎవరు పాడు చేశారని కేకలేశాడు. కోడలు గోడకు ఆనుకుని నిలబడింది.

"నేనేరా, సింకులో వేసి మర్సిపోయినా" అన్నాను.

వాడు నమ్మలేనట్టు నా వైపు చూసి, పెనం అక్కడ పెట్టి వెళ్ళిపోయాడు. నేను కోడలిని కొబ్బరి పీచు తెమ్మని చెప్పి, నా పక్కన ఇంకో పీట వేశాను.