ఆంథోనీ చెప్పిన గుర్తులు

చర్చి యువజనులకు ఏ సినిమా చూపించాలన్నా ముందుగా ఆంథోనీ చూడాలి. గనిలోనూ ఆయన ఉద్యోగం అదే. రాతిని మందుపెట్టి పేల్చాక తానొక్కడే ముందు వెళ్లి, గాలి బాగుందని చెబితే తక్కినవాళ్లు కదిలేవారు. కోలారు గనులు మూతపడ్డాయి గానీ ముందు దిగే అలవాటు మూతపడలేదు. ఇప్పుడు సినిమాల్లోకి దిగుతున్నాడు. ముద్దు ఉన్నచోట, లోకకల్యాణార్థం, రెండోసారి కూడా చూసి నిర్ధారించుకుంటాడు.

ఆ వేసవిలో ఒక సినిమా వచ్చింది. తన మనసు అమ్మాయిల మీదికి పోదనీ, అబ్బాయిల మీదికే పోతుందనీ ఒక కుర్రాడు ఇంట్లో చెప్పుకోవడమే కథ. దాన్ని చూపిద్దామన్నవాడు ఆంథోనీ కొడుకు గాడ్విన్. వాడు అప్పుడు పీయూసీ.

"నువ్వు పూర్తిగా చూడప్పా. చూసినాక మనం మాట్లాడదాం."

ఏం మాట్లాడాలనుకుంటున్నాడో తల్లి సెలీన్‌కు తెలుసు. ఆమెకు ముందే చెప్పుకున్నాడు. అప్పకు చెప్పే ధైర్యం లేక సినిమాను ముందు పంపాడు.

ఆంథోనీ పూర్తిగా చూశాడు. కొడుకుతో మాట్లాడలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక మైకు పట్టాడు.

"ఈ సినిమా వద్దు. ఇట్లాంటి పిల్లోళ్లు మన మధ్యలోనూ ఉంటారు. అమ్మానాయినలే కనిపెట్టాల."

ఎలా కనిపెట్టాలో కూడా సెలవివ్వడం ధర్మమని ఆయనకు తోచింది. అందుకు దృష్టాంతాలు కావాలి. ఇంట్లో ఉన్నది ఒక్క పిల్లవాడే కనుక దృష్టాంతాలన్నీ అక్కడినుంచే వచ్చాయి.

"చొక్కా వాడే ఇస్త్రీ చేసుకుంటాడు. కాయర్‌లో పాటలు పాడేటప్పుడు ఆడపిల్లల పక్కనే నిలబడతాడు, వాళ్ల దిక్కు మాత్రం చూడడు. సాయంత్రమైతే గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బకాడికి పోయి ఒకే ఫ్రెండుతో ఫోన్లో గుసగుసలు. అమ్మకు అన్నీ చెప్తాడు, అప్ప వస్తే నోరు మూస్తాడు."

మొదటి వరుస తల తిప్పింది. తర్వాత రెండోది. కాయర్‌లో, మడత నలగని తెల్లచొక్కాలో, గాడ్విన్ పాటల పుస్తకంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"ఇంగ చాలు, వచ్చేయండి" అంది సెలీన్, లేచి నిలబడి.

"ఉండు, ఇంగా ఉండాది" అన్నాడు ఆంథోనీ.

ఇంటికొచ్చాక అడిగాడు: "నిన్నెందుకురా అందురూ అట్ల చూసినారు?"

"నువ్వు చెప్పింది వాళ్లకు అర్థమైందప్పా."

గాడ్విన్ గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. కాసేపటికి ఆంథోనీకీ అర్థమైంది. తలుపు దాకా వెళ్లాడు, చెయ్యి ఎత్తాడు, తట్టకుండానే దించాడు.

మరుసటి ఆదివారం గాడ్విన్ కాయర్‌లో లేడు. ఆరాధన ముగియగానే సంఘంలోని జూలియా వచ్చి ఆంథోనీ చేతులు పట్టుకుంది.

"భలే చెప్పినావన్నా! మావోణ్ణి వారమంతా కనిపెట్టినాను. నువ్వు చెప్పిన గుర్తుల్లో ఒగటీ లేదు. దేవునికి స్తోత్రం!"

"స్తోత్రం" అన్నాడు ఆంథోనీ.

ఆమె వెనుక ఇంకో ఇద్దరు తల్లులు, కృతజ్ఞతలు చెప్పుకోవడానికి, వంతు కోసం నిలబడి ఉన్నారు.