కోసులు పగిలిన ఏడు

పోయిన నెల ఒక ఆదివారం మా అమ్మాయి బెంగుళూరు బస్సు దిగి తమిళనాడు ధర్మపురిలో మా ఇంటికి వచ్చింది. చేతిలో బట్టల సంచీ చిన్నది, కూరగాయల సంచీ పెద్దది. క్యాబేజీ, కాలీఫ్లవరు, ఆకులతో సహా ముల్లంగి. ఇవన్నీ ఒకే వంశం కూరలట, ఆడవాళ్ళ హార్మోన్లకు మేలు చేస్తాయట, ఫోనులో ఎవరో ఒకావిడ రోజూ చెప్తుందట. ఇన్నేళ్ళుగా నేను చెప్పింది ఒక్కటీ చెవికెక్కించుకోని పిల్లకు ఆ ఫోనులో ఆవిడ మాట మాత్రం వేదం. వస్తూనే వంటింట్లో దూరి, క్యాబేజీ తరిగి ఆవిరికి పెట్టింది. నేను ముందు గదిలో బట్టలు మడత పెడుతున్నాను. వాసన నా దాకా వచ్చేసరికి మడత ఆపేశాను. నాకు తెలియకుండానే వెనక తలుపు వైపు చూశాను. గడప అవతల మా మేనత్త కూర్చొని ఉంది, ఒళ్ళో సత్తు పళ్ళెం పెట్టుకొని. ఆమె పోయి చాలా ఏళ్ళయింది.

దయ్యాలున్నాయని నేను అనను. లేవని గట్టిగా చెప్పే ధైర్యమూ నాకు లేదు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చింది మొదలు క్యాబేజీ వండలేదు. మా ఆయన ఎప్పుడైనా అడిగితే, అది గ్యాస్ అని తప్పించేదాన్ని. తన కడుపు సంగతి తనకు తెలుసు గనక ఆయన మారు మాట్లాడేవాడు కాదు. పక్కింట్లో వండితే కిటికీ మూసేదాన్ని. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఇలా రాయగలుగుతున్నానంటే, మా ఇంట్లో నేను తప్ప తెలుగు చదివేవాళ్ళు లేరన్న ధీమా ఒకటి ఉంది. మా నాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకొని పలక మీద అక్షరాలు దిద్దించాడు. నా కూతురికి నేను ఆ పని చెయ్యలేకపోయాను. దానికి తెలుగు నోట్లో ఉంది, కంటికి రాదు.

అత్త మా నాయనకు చెల్లెలు. మొగుడింటి నుంచి వచ్చేసిన మనిషి. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు, ఆమె మాత్రం అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ నవ్వుతూ చెప్పేది: "ఆ ఇంట్లో అందరూ గుసగుసగానే మాట్లాడతారమ్మా. నాకు వినబడక వచ్చేసినాను." హరూరు దారిలో ఉన్న మా ఊళ్ళో అప్పటికి రాగులు, చెనక్కాయలు, టమాటాలు తప్ప వేరే పంట ఎరగరు. అత్త ఎక్కడో చూసి వచ్చి బావి కింది మడిలో కోసు వేసింది. క్యాబేజీని మేము అరవంలో లాగా కోసు అంటాం. నేను బడి నుంచి వస్తే మడి గట్టు మీద కూర్చోబెట్టి, లేత ఆకు ఒకటి తుంచి, కాలవలో కడిగి నా నోట్లో పెట్టేది. కరకరా నమిలితే చల్లని నీళ్ళు ఊరేవి. ఆ మడిలో ఉన్నప్పుడు ఆమె గొంతెత్తి మాట్లాడేది, మొక్కలతో కూడా.

మా వైపు ఒక కట్టుబాటు ఉండేది. నెలసరిలో ఉన్న ఆడది కూరగాయల మడిలో అడుగు పెట్టకూడదు. పెడితే మొక్క మాడిపోతుంది, కాయ కుళ్ళిపోతుంది. ఆ దినాలు ఇంటి వెనక కొట్టంలో ఉండాలి. అన్నం తెచ్చి గడప మీద నుంచే పళ్ళెంలో వేస్తారు. పిల్లలకు అది పండగే, ఎందుకంటే కొట్టంలో ఉన్నవాళ్ళకు పని ఉండదు, కథలు చెప్తారు. అత్త ఆ ఏడు కొట్టంలోకి పోవడం మానేసింది. ఎవరికీ చెప్పకుండా మడిలోనే తిరిగేది.

ఆ ఏడు చాలాకాలం వాన లేదు. నేల నోరు తెరుచుకున్నాక ఒక్కసారిగా పెద్ద వాన పట్టింది. తెల్లారి చూస్తే కోసులన్నీ నడిమధ్యకు పగిలి ఉన్నాయి. ఎండిన మొక్కకు ఒకేసారి నీళ్ళు తగిలితే గడ్డ పగులుతుందని ఇప్పుడు ఎవరైనా చెప్తారు. మా అవ్వకు, అంటే నాయన తల్లికి, అప్పట్లో ఒక్కటే కారణం తెలుసు. వాకిట్లో నిలబడి ఇంట్లో ఆడవాళ్ళనందరినీ పిలిచింది.

"మైలతో మడి తొక్కింది ఎవరే?"

"నేనేమ్మా," అంది అత్త. "నెలంతా ఆగకుండా పోతా ఉంటే నెలంతా కొట్టంలోనే కూర్చునేదా? నీళ్ళు ఎవరు కడతారు?"

ఆ 'నేనే' అన్న మాట ఇంటిల్లిపాదికీ వినబడింది. మిగతాది ఎవరికీ వినబడలేదు. అత్తను కొట్టంలో కూర్చోబెట్టారు. మైల తగిలిన కోసులు సంతకు పంపకూడదు, ఇంట్లోవాళ్ళు తినకూడదు. పారెయ్యడానికి అవ్వకు చెయ్యి రాలేదు. అందుకని రోజూ ఒక గడ్డ ఉడకబెట్టి ఆమె ఒక్కదానికే గడప మీద నుంచి వేసేది. అవ్వ చెడ్డది కాదు. బిడ్డ రుచి తెలిసి తిరగమోత కూడా పెట్టేది. అత్త తిన్నది. రోజూ తిన్నది. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది, కథ చెప్తూ మధ్యలో ఆయాసపడి ఆగేది. ఇల్లంతా ఆ వాసనే. మడి ఖాళీ కాకముందే ఆమె పోయింది. మిగిలిన కోసులను అవ్వ వేళ్ళతో సహా పెరికి ఆవులకు వేసి, ఆ రోజు నుంచి ఆ పేరు ఇంట్లో పలకనివ్వలేదు. ఏ పేరో చెప్పలేదు గానీ, కోసుతో పాటు అత్త పేరు కూడా వినబడటం మానేసింది.

మా అమ్మాయి ఆవిరి కక్కుతున్న పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది. "తినుమా, నీకూ మంచిదే."

"ఉన్నట్టుండి ఇదేం పిచ్చే నీకు?"

"సుమ్మానే మా, ఊరికే. నాకు పీరియడ్స్ కొంచెం ఎక్కువగా ఉంది. ఆగేదే లేదు. దానికే ఇదంతా తింటా ఉండాను. తగ్గిపోతుందంట."

దాన్ని చెయ్యి పట్టుకొని కిటికీ దగ్గరికి లాగి, కింది రెప్ప దించి చూశాను. తెల్లగా ఉంది. నాకు భయం వేసింది. గడప అవతలి మనిషి అంతసేపూ నన్ను చూస్తోందనుకున్నాను. ఆమె నన్ను కాదు, నా కూతురిని చూస్తోంది.

"రేపు ఆసుపత్రికి పోతా ఉండాము," అన్నాను.

"రేపు డ్యూటీ ఉంది మా. ఇంకొన్నాళ్ళు ఇది తిని చూస్తాను."

"మా అత్త కూడా ఇదే తిన్నది," అన్నాను. పిల్ల తెల్లబోయి చూసింది. నాకొక మేనత్త ఉండేదనే దానికి తెలియదు. అప్పుడు కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. అది రాత్రి బస్సు ఎక్కలేదు.

మర్నాడు మమ్మల్ని చూసిన డాక్టరమ్మ మా అమ్మాయి కంటే చిన్నదానిలా ఉంది. రక్తం తక్కువగా ఉంది, స్కాన్ తీసి ఎందుకో చూద్దాం, దారికి తెచ్చుకోవచ్చు, బెదరకండి అంది. క్యాబేజీ సంగతి అడిగితే నవ్వి, "బాగా తినండి, మంచి కూర. అది తింటున్నాం కదా అని ఇక్కడికి రావడం మాత్రం ఆపకండి," అంది. ఇవన్నీ తర్వాతి మాటలు. లోపలికి పోగానే ఆమె మొదట అరవంలో అడిగింది ఒక్కటే: "ఎన్నాళ్ళుగా ఇలా అవుతోందమ్మా?" నా కూతురు జవాబు చెప్తోంది, నేను పక్కన కూర్చొని ఏడ్చాను. బిడ్డ గురించి బెంగ అనుకొని ఆమె నాకు మంచినీళ్ళు ఇచ్చింది.

ఆ మాట అడగడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. మా ఇంట్లో అంతమంది ఉండి ఒక్కరి నోటా రాలేదు. మా అమ్మాయి ఇప్పుడు మందులు వాడుతోంది, ముఖంలో కాస్త రంగు వచ్చింది. మొన్న ఊరికే లెక్క వేసుకుంటే, కొట్టంలో ఉన్ననాటి అత్త వయసు ఇప్పుడు మా అమ్మాయి వయసే. కాలం నన్ను ఆమెకు తల్లినయ్యేంత పెద్దదాన్ని చేసింది, ఆమెను అడగవలసిన మాట నా నోటికి తెచ్చిపెట్టింది, జవాబు చెప్పే మనిషిని మాత్రం తేలేదు.